మధ్యలో దిగిపోయేవాడు

మూడు వారాలుగా ఆదివారం ఉదయం నా ఫోను మోగడం లేదు. అంతకుముందు కొన్ని నెలలపాటు ప్రతి ఆదివారం తొమ్మిదికి పది నిమిషాల ముందు తెర మీదికి ఒక పిలుపు వచ్చేది. కేప్టెన్ మిమ్మల్ని ఆటకు పిలుస్తున్నారు, ఒప్పుకుంటారా, వద్దంటారా అని. నేను రెండూ చేసేవాణ్ణి కాదు. ఎనిమిదేళ్లుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నవాణ్ణి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఊరుకోవడం నాకు వృత్తిరీత్యా అలవాటు. పిలుపు అర నిమిషం వెలిగి దానంతట అదే ఆరిపోయేది. ఇప్పుడు అదీ లేదు. బరంపురంలో మా వీధికి గోపాలపూర్ చేపలు తెచ్చే ఆవిణ్ణి కదిపితే, ఆ పిలిచేవాడు గుజరాత్ వైపు పెద్ద బోట్ల మీద పనికి పోయాడని చెప్పింది. నాకు కాస్త హాయిగానే అనిపించింది. ఒక మనిషి గురించి రాయాలంటే ఆ మనిషి దూరంగా ఉండటం మంచిది.

ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నలుగురేసి జట్లుగా విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. దొరికిన తుపాకీ ఏరుకోవాలి, కనపడినవాణ్ణి కాల్చాలి. చుట్టూ ఒక వలయం ముడుచుకుంటూ వస్తుంది. దాని లోపల ఆఖరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. అంతా కలిపి అరగంట. మధ్యలో ఒకడు లేచిపోతే మిగతా ముగ్గురూ నలుగురితో తలపడాలి, అంటే చావాలి. మా జట్టులో నేను, హల్దియాపదర్‌లో ఉండే మా తమ్ముడు (పిన్ని కొడుకు), దిగపహండిలో మందుల షాపు పెట్టుకున్న మా ఇద్దరి స్నేహితుడు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంటే ఆటే ఎవణ్ణో ఒకణ్ణి తెచ్చి కూర్చోబెడుతుంది. అలా వచ్చినవాడు ఇతను. చెవిలో తెలుగు వినపడింది, అదీ మన పక్క తెలుగు. ఉంచేసుకున్నాం. వయసు ఇరవై ఆరేడు అనుకుంటాను. గోపాలపూర్ పోర్టులో ఆఫీసర్నని చెప్పాడు. ఆటలో పెట్టుకున్న పేరు కేప్టెన్. మేము పెట్టిన పేరు ఇంటర్వెల్. ఏ సినిమా అయినా అతనికి అక్కడిదాకానే.

దిగిపోవడానికి అతనికొక పద్ధతి ఉండేది. "మేస్టారూ, ఉండండి, ఇప్పుడే ఒచ్చెస్తాను" అనేవాడు. వచ్చేవాడు కాదు. కానీ ఆ మాట అనేముందు ఎంత దూరంలో ఉన్నా మా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, తన తుపాకీ, తూటాలు, కట్లు, మందులు, తలమీది ఇనప టోపీతో సహా నేల మీద పెట్టేసేవాడు. రాజీనామా ఇచ్చిన గుమాస్తా బీరువా తాళాలు అప్పజెప్పినట్టు. అన్నీ పెట్టాక వట్టి చేతులతో నిలబడి ఒకసారి గెంతేవాడు. ఆ ఆటలో నమస్కారం పెట్టడానికి వేరే మీట ఉంది, అది అతనికి ఎప్పుడూ దొరకలేదు. గెంతి మాయమయ్యేవాడు. నేను అతని తుపాకీ తీసుకుని, దాంతో ఒకరిద్దర్ని కాల్చి, ఆట అయ్యాక అతని మీద రిపోర్టు కొట్టేవాణ్ణి.

రిపోర్టు కొడితే నడవడిక మార్కులు తగ్గుతాయి. నూటికి అరవై కన్నా కిందికి దిగితే జట్టుగా ఆడనివ్వరు. మార్కులు కొయ్యడం నాకు తెలిసిన పనే, కాబట్టి శ్రద్ధగా చేశాను. మా తమ్ముడూ కొట్టేవాడు. దిగపహండివాడు మందులు అమ్మే తీరికలో ఒకటికి రెండుసార్లు నొక్కేవాడు. ఇతను ఏమీ అనేవాడు కాదు. వారమంతా ఒంటరి ఆటలు ఆడి, ఒక్కొక్క ఆటా కడదాకా కూర్చుని, ఒక్కొక్క మార్కే కూడబెట్టుకుని, ఆదివారానికి అరవై రెండుతోనో మూడుతోనో అందరికన్నా ముందొచ్చి కూర్చునేవాడు. మళ్ళీ మేము యాభై తొమ్మిదికి దించి పంపేవాళ్ళం. దీన్నే చదువుకున్నవాళ్ళు క్రమశిక్షణ అంటారు.

చెడ్డ ఆటగాడేం కాదు. ఆ దీవి చుట్టూ సముద్రం ఉంటుంది, దాంట్లో చిన్న పడవలుంటాయి. వాటిని అతను నడిపినట్టు ఇంకొకరు నడపగా నేను చూడలేదు. నడుపుతున్నంతసేపూ ఆ సముద్రాన్ని తిట్టేవాడు. "ఏటి మేస్టారూ ఇది, కెరటమే నేదు. సచ్చిపోయిన సముద్రం. దీన్ని సేసినోడు ఒడ్డుకెప్పుడూ ఒచ్చుండడు" అనేవాడు. పోర్టు ఆఫీసరుకి కెరటాల మీద ఇంత పట్టింపేమిటని మాకు తోచి ఉండాల్సింది. తోచలేదు. ఇంకో చిక్కు దిక్కులతో. తూర్పు, పడమర అనడం అతనికి రాదు. సముద్రం పక్క, కొండ పక్క, అంతే. గోపాలపూర్‌లో అది సరిపోతుంది. దీవికి నాలుగు వైపులా సముద్రమే. "సముద్రం పక్క ఒకడున్నాడు మేస్టారూ" అని అతను హెచ్చరించగా, నేను నిదానంగా నాలుగు వైపులా తిరిగి చూస్తూ చచ్చిపోయిన సందర్భాలున్నాయి.

అతని వైపు నుంచి ఎప్పుడూ గాలి హోరు వినిపించేది. ఫ్యాను ఆపమనేవాళ్ళం. "హఉ, ఆపెసినాను" అని ఒడియాలో సరే కొట్టేవాడు. హోరు ఆగేది కాదు. పోర్టు ఆఫీసులో పెద్ద ఫ్యాన్లుంటాయి కాబోలు అనుకున్నాం.

దిగిపోవడానికి చెప్పే కారణాలు మొదట్లో పద్ధతిగానే ఉండేవి. పెద్ద సారు పిలిచారు. ఓడ వచ్చింది. కలెక్టరు తనిఖీకి వచ్చారు. ఆదివారం ఉదయం పదింటికి కలెక్టర్లు తనిఖీకి రారని మా తమ్ముడు చెప్పాక, ఒక వారం వాళ్ళ నాయనమ్మ పోయింది. రెండు వారాల తర్వాత మళ్ళీ పోయింది. మూడోసారి పోయినప్పుడు మేము ముగ్గురం మైకులో ఒక నిమిషం మౌనం పాటించాం. ఆ నిమిషంలో మమ్మల్ని ఎవరో కాల్చేశారు.

మేము మాట్లాడే తీరు కూడా మెల్లిగా మారింది. మొదటి నెల కేప్టెన్ గారూ అన్నాం. రెండో నెల ఏటండీ అన్నాం. మూడో నెలకి ఏటిరా దగ్గరికి వచ్చాం. మా తమ్ముడు అతను రాగానే అడిగేవాడు, అన్నం కూడా సగం తిని లేస్తావా, బస్సెక్కితే ఊరికి ముందే దిగిపోతావా అని. ఒకసారి పెళ్ళి మాట వచ్చింది. "రెండు ముళ్ళేసి ఇప్పుడే ఒచ్చెస్తానని ఎల్లిపోతావేటిరా? మూడోది మేం వెయ్యాలా?" అన్నాడు. దిగపహండివాడు షాపులో గిరాకీలున్నారని కూడా చూడకుండా నవ్వాడు. నేను నవ్వలేదు, కానీ దాన్ని ఇంకో ఇద్దరికి చెప్పాను. ఇతను మాత్రం అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు. అతని నవ్వు దగ్గులా ఉంటుంది. ఎక్కడ ఆపాలో తెలియనట్టు ఉంటుంది.

ఒక్కసారే అతను బతిమాలడం విన్నాను. నాలుగోవాణ్ణి మార్చేద్దామని మా తమ్ముడు మైకులోనే, అతను వింటుండగానే, నాతో అన్నాడు. అతని జవాబు ఫ్యాను హోరులోంచే వచ్చింది.

"మీరేటన్నా పడతానండి" అన్నాడు. "మార్కులు కోసుకోండి. జట్టులోంచి మాత్రం తియ్యొద్దండి. నన్ను కేప్టెనని పిలిసేది మీరు ముగ్గురేనండి."

అప్పటికి మేము అలా పిలవడం మానేసి రెండు నెలలైంది. ఆ సంగతి గుర్తు చెయ్యడం బాగోదని ఊరుకున్నాను.

ఒక ఆదివారం మా తమ్ముడికి అనుమానం వచ్చింది. కిందటి వారం దిగిపోయేముందు ఇతని వెనక ఎవరో ఆడమనిషి, కవ్వళ్ళు ఏ ధరకిస్తావని అరవడం వాడు విన్నాడట. పోర్టులో చేపల బేరాలేమిటి, వెళ్ళి చూద్దాం పదమన్నాడు. ఆ రోజు ఇంకో విశేషం కూడా ఉంది. ఆ ఒక్క ఆట గెలిస్తే మా జట్టు పై మెట్టుకి చేరుతుంది. పై మెట్టులో ఏముంటుందని అడగొద్దు. పేరు పక్కన ఒక నక్షత్రం ఉంటుంది. ఆ నక్షత్రం కోసం మేమిద్దరం, పిల్లల తండ్రులం, బండి మీద గోపాలపూర్ వెళ్ళాం.

లైట్‌హౌసు దాటాక, పర్యాటకులు తిరిగే చోటు వదిలి, బోట్లు లాగి పెట్టే ఇసక వైపు నడిచాం. అక్కడొక టీ కొట్టు. కొట్టు పెద్దాయన తెలుగువాడే. ఫోనులో తుపాకీల ఆట ఆడే కుర్రాడెవరైనా ఉన్నాడా అని అడిగితే గెడ్డంతో చూపించాడు. బోర్లించిన ఒక బోటు నీడలో, లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, గొంతుక్కూర్చుని, రెండు చేతులతో ఫోను పట్టుకుని ఒకడున్నాడు. పక్కన కుక్క నిద్రపోతోంది. ఒడ్డు మీద ఫ్యాను హోరు జోరుగా ఉంది.

ఆ అబ్బాయి పని ఏమిటని అడిగాం. అన్నగారు వేటకెళ్తాడని, వీడిది తాడు అని పెద్దాయన చెప్పాడు. మాకు అర్థం కాలేదని చూసి టీ పోస్తూ వివరించాడు. బోటు తిరిగొచ్చేటప్పుడు కెరటాల అవతల ఆగుతుంది. పెద్ద కెరటాలు పోనిచ్చి, చిన్నది చూసుకుని, దాని మీద వచ్చి ఇసకకి తగులుతుంది. తగలగానే ముందున్నవాడు తాడు విసురుతాడు. ఒడ్డునున్నవాళ్ళు అది పట్టి సూటిగా లాగాలి. లాగకపోతే వెనకొచ్చే కెరటం బోటుని అడ్డం తిప్పి బోర్లించేస్తుంది. అందరూ లాగుతారు, కానీ మొదటి చెయ్యి ఆ ఇంటివాళ్ళదే అవ్వాలి.

"ఆ ఇంటోడు ముట్టనిదే తాడు ఇంకోడు ముట్టడు బాబూ" అన్నాడు. "అది మా ఒడ్డు మాట."

బోట్లు ఎన్నింటికి వస్తాయని అడిగాం. పది, పదిన్నర అన్నాడు. మా తమ్ముడు నా వైపు చూశాడు. ఏడు నెలల కలెక్టర్లూ ముగ్గురు నాయనమ్మలూ ఒక్కసారిగా తేలిపోయారు. మాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పెద్దాయన దగ్గర ఆపుకుని, టీ గ్లాసులు పట్టుకుని, ఓ యాభై అడుగుల దూరంలో ఇంకో బోటు వెనక కూర్చుని అతన్ని ఆటకు పిలిచాం.

ఎక్కడున్నావని మా తమ్ముడు అడిగాడు. ఆఫీసులో ఉన్నానని, ఏసీ గదిలో కూర్చున్నానని అతను చెప్పాడు. చెబుతూ కుక్క మీద వాలిన ఈగని తోలాడు. మా తమ్ముడు నోట్లో చేతిరుమాలు కుక్కుకున్నాడు.

ఆ రోజు అతను ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. దిగపహండివాడు రెండుసార్లు పడిపోతే రెండుసార్లూ తుపాకీ గుళ్ళ మధ్యలో పాకి వెళ్ళి లేపాడు. నాకు టోపీ లేకపోతే తనది తీసి ఇచ్చాడు. వలయం ముడుచుకుంది. చివరికి మేము నలుగురం, అవతల ముగ్గురు మిగిలాం. అప్పుడు ఒడ్డు మీద జనం లేచి నిలబడటం మొదలుపెట్టారు.

కెరటాల అవతల ఒక ఎర్ర బోటు ఆగి ఊగుతోంది. దాంట్లో ఇద్దరున్నారు. ముందు నిలబడినవాడి చేతిలో తాడు చుట్ట మాకు కనపడింది. అతనికీ కనపడింది. సగం లేచాడు. ఆటలో కూడా అతని మనిషి మా వైపు పరిగెత్తుకు రావడం మొదలుపెట్టాడు. సామాన్లు అప్పజెప్పడానికి.

"మేస్టారూ, నానెల్లాలండి. ఇప్పుడే..."

మా తమ్ముడు అడ్డం పడ్డాడు. "దిగేవంటే ఇదే ఆఖరు. జట్టులో మరి నీ మొహం సూడం."

అతను నా మాట కోసం ఆగాడు. అది నాకు తెలుసు, ఎందుకంటే ఫోను చెవి దగ్గరికి పెట్టుకోవడం నేను చూస్తున్నాను. బోటునీ చూస్తున్నాను. తాడు సంగతి విని ముప్పావు గంట కూడా కాలేదు. నేను పాఠం చెప్పే గొంతుతో, "రెండు నిమిషాలే కదా" అన్నాను.

అతను మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

బోటు వచ్చింది. తాడు వచ్చి తడి ఇసక మీద పడింది. ఆరేడుగురు మగవాళ్ళు చేతులు చాచి దాని చుట్టూ వంగి, ముట్టకుండా, తల తిప్పి అతని వైపు చూశారు. ఒక ఆడమనిషి, అతని వదినగారై ఉండాలి, పేరు పెట్టి పిలుస్తూ ఇసకలో పరుగెత్తుకొస్తోంది. అందరూ అతని వైపు చూశారు కాబట్టి మేము మా ఫోన్ల వైపు చూశాం. వాళ్ళు ఎక్కువసేపు ఆగలేదు. ఒక్క కెరటం వచ్చేంతసేపు ఆగి, ఇంక లాభం లేదని తాడు అందుకున్నారు. ఒక్క కెరటం చాలు. సరిగ్గా అప్పుడే అతను అవతలి ఆఖరివాణ్ణి కాల్చాడు. తెర మీద బంగారు రంగు అక్షరాలు వచ్చాయి. నేను తల ఎత్తేసరికి బోటు అడ్డం తిరిగిపోయి ఉంది.

అప్పుడు పరిగెత్తాడు. ఫోను ఇసకలో పడేసి పరిగెత్తాడు. బోటు అంచు కింద అతని అన్నయ్య నడుం దగ్గర్నించి ఇరుక్కున్నాడు. పది మంది కలిసి ఎత్తారు. మేము కూడా వెళ్ళి ఉంటే పన్నెండు మంది అయ్యేవాళ్ళం. పని తెలియనివాళ్ళం అడ్డమవుతామని మా తమ్ముడు అన్నాడు, సబబుగానే తోచింది. వచ్చేటప్పుడు దారిలో టిఫిను చేశాం. గెలిచిన తెర ఫోటో మా తమ్ముడు దిగపహండివాడికి పంపించాడు. నక్షత్రం వచ్చింది.

అన్నయ్య బతికాడు. నడుం మాత్రం మరి లేవలేదని చేపలావిడ చెప్పింది. ఆవిడకు నేను ఎందుకు అడుగుతున్నానో తెలియదు.

మరుసటి ఆదివారం అతను రాడనుకున్నాం. తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చి కూర్చున్నాడు. ఏమైందని మేము అడగలేదు, అతను చెప్పలేదు. ఫ్యాను హోరు లేదు. ఇంట్లోంచి ఆడుతున్నాడు. ఆ రోజు నాలుగు ఆటలు ఆడాం, నాలుగూ కడదాకా ఉన్నాడు. "ఇక మజ్జిలో దిగనండి మేస్టారూ. ఎంతసేపైనా ఉంటాను" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. అతని మార్కులు డెబ్బై దాటాయి, ఎనభై దాటాయి. మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, అతని వెనక నుంచి ఒక మగగొంతు మంచినీళ్ళు అడిగింది. కాసేపాగి మళ్ళీ అడిగింది. "ఉండన్నా, ఆట అయిపోనీ" అన్నాడు ఇతను. వెళ్ళి ఇచ్చిరారా, మేం చూసుకుంటాం అని మా తమ్ముడే బతిమాలాడు. వెళ్ళలేదు. ఇంకా పన్నెండు నిమిషాల ఆట ఉంది. పన్నెండు నిమిషాలూ ఆ గొంతు మా ముగ్గురి చెవుల్లో నీళ్ళు అడుగుతూనే ఉంది. ఆ ఆట కూడా గెలిచాం.

ఆ తర్వాత ముందు దిగపహండివాడికి షాపులో పని పెరిగింది. తర్వాత మా తమ్ముడికి కళ్ళు మంటలు మొదలయ్యాయి. డాక్టరు ఫోను చూడొద్దన్నాడట, ఏ డాక్టరో చెప్పలేదు. ఒకటి రెండు వారాలు మేమిద్దరమే ఆడాం. ఒకసారి ఆట మధ్యలో, అతను నా కోసం కట్టు తీసుకుని పరిగెత్తుకొస్తుండగా, నేను ఫోను ఆపేసి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను.

అతను గుజరాత్ వెళ్ళే ముందు ఒక్కసారి ఎదురుగా చూశాను. కాలేజీ పిల్లల్ని గోపాలపూర్ తీసుకెళ్ళాను. వాళ్ళు ఫోటోలు దిగుతుంటే నడుచుకుంటూ బోట్ల వైపు వచ్చాను. ఒక బోటు ఒడ్డుకు వస్తోంది, అదే ఎర్ర బోటు. జనం తాడు దగ్గర ఉన్నారు. వదినగారి తమ్ముడట, ఎవరో చిన్నవాడు, మొదటి చెయ్యి వేశాడు. ఇతను వాళ్ళలో లేడు. మాలాంటివాళ్ళు నిలబడే చోట, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఎవరూ అతన్ని పొమ్మనలేదు. రమ్మనలేదు కూడా.

నేను వెనుదిరిగేలోపే దగ్గరికి వచ్చాడు. నమస్కారం పెట్టి, బావున్నారా మేస్టారూ అన్నాడు. నన్నెలా గుర్తుపట్టావని అడిగాను. ఎప్పుడూ గొంతు తప్ప మొహం చూడలేదు కదా అన్నాను.

"ఆ రోజు సూసినాను కదండి" అన్నాడు. "మీరూ తమ్ముడుగోరూ ఆ బోటు ఎనక కూసున్నారు. టీ కొట్టు మావ అప్పుడే సెప్పినాడు, నీ కోసం బరంపురం నుంచి ఎవులో పెద్దోలు ఒచ్చినారని."

జవాబు చెప్పకుండా ఊరుకోవడం నాకు అలవాటని మొదట్లోనే చెప్పాను. అతనే అందుకున్నాడు, నేను ఏదో తప్పు పట్టినట్టూ, దానికి సంజాయిషీ ఇస్తున్నట్టూ.

"లేకపోతే ఆ రోజూ దిగిపోదునండి. మీరు అంత దూరం నా ఆట సూడ్డానికి ఒచ్చినారు, మజ్జిలో లేసి ఎల్లిపోతే ఏం బాగుంటాదని."

వెనక బోటు ఇసక మీదికి ఎక్కింది. పిల్లలెవరో నన్ను సార్ అని పిలుస్తున్నారు. అతను ఆదివారం ఆడదామా అని అడిగాడు. ఈమధ్య నెట్‌వర్క్ బాగుండటం లేదని చెప్పాను.

"అవునండి," అన్నాడు, "మీ పక్క బాగోదు."